చదివేది ఒకరు, పన్ను కట్టేది ఇంకొకరు

భార్యాభర్తల్లో ఒకరు ఉద్యోగం చేస్తూ రెండోవాళ్లు పూర్తికాలం కాలేజీకి వెళ్తుంటే ఆ ఇంటికి రెండు లెక్కలుంటాయి. ఫీజుల లెక్క అందరికీ కనిపిస్తుంది. పన్ను లెక్క కనిపించదు. ఫీజు కట్టినందుకు చాలా ప్రభుత్వాలు పన్నులో కొంత క్రెడిట్ ఇస్తాయి గానీ, ఆ క్రెడిట్ పనికిరావాలంటే ముందు పన్నంటూ ఉండాలి కదా. చదివే మనిషికి జీతం లేదు కాబట్టి పన్ను లేదు. పన్నున్న మనిషేమో చదవడం లేదు.

ఈ ముడిని ఒక్కో దేశం ఒక్కోలా విప్పుకుంది. అమెరికా భార్యాభర్తలిద్దరినీ కలిపి ఒక్క పన్నుదారుగా చూస్తుంది. కెనడా క్రెడిట్ చదివినవాళ్లదేనంటూనే, మిగిలినదాంట్లో కొంత భాగస్వామికి ఇవ్వనిస్తుంది. బ్రిటన్ ఫీజుల సంగతి వదిలేసి, వాడుకోని పన్ను పరిమితిలో ఒక ముక్క బదిలీ చేసుకోమంటుంది. ఐర్లండ్‌లో ఫీజు ఎవరు కడితే రాయితీ వాళ్లది. మన దేశంలో ఆదాయపు పన్ను లెక్కలో భార్యాభర్తలన్న బంధానికి దాదాపు చోటే లేదు. ఇక్కడ అమెరికా గురించే ఎక్కువ రాస్తున్నాను. మనవాళ్లు అక్కడ ఎక్కువన్నది ఒక కారణం, చిక్కుముళ్లు కూడా అక్కడే ఎక్కువన్నది రెండోది.

అమెరికాలో చదువు పేరుతో ఇచ్చే క్రెడిట్లు రెండు. 2009లో వచ్చిన అమెరికన్ ఆపర్చ్యునిటీ క్రెడిట్ డిగ్రీ స్థాయి మొదటి నాలుగేళ్లకే వర్తిస్తుంది. విద్యార్థికి ఏడాదికి 2,500 డాలర్ల దాకా వస్తుంది, అందులో 1,000 దాకా పన్ను లేకపోయినా చేతికిస్తారు. 1997 చట్టంతో వచ్చిన లైఫ్‌టైమ్ లెర్నింగ్ క్రెడిట్‌కు ఆ నాలుగేళ్ల షరతు లేదు. ఫీజులో మొదటి 10,000 డాలర్ల మీద 20 శాతం, అంటే 2,000 డాలర్ల దాకా పన్ను తగ్గిస్తారు. పన్ను లేకపోతే మాత్రం చేతికి పైసా రాదు. ఇక్కడ బీటెక్ చేసి అక్కడ ఎమ్మెస్‌లో చేరినవాళ్లకు మామూలుగా దక్కేది ఈ రెండోదే. ఒక తేడా గుర్తుంచుకోవాలి: మొదటి క్రెడిట్ విద్యార్థికి ఒకటి, రెండోది రిటర్న్‌కు ఒకటి. భార్యాభర్తలిద్దరూ ఎమ్మెస్ చదువుతున్నా లైఫ్‌టైమ్ లెర్నింగ్ కింద ఆ ఇంటికొచ్చేది 2,000 డాలర్లే.

ఫీజు ఎవరు కట్టారన్న ప్రశ్నకు అక్కడ పెద్ద విలువ లేదు. గుంటూరు నుంచి మావగారు నేరుగా యూనివర్సిటీకి పంపినా విద్యార్థే కట్టినట్టు లెక్క. బ్యాంకు లోన్‌తో కట్టినా అంతే. లోన్ ఎప్పుడు తీర్చారన్నది కాదు, ఫీజు ఏ సంవత్సరం కట్టారన్నదే చూస్తారు. స్కాలర్‌షిప్ వస్తే మాత్రం ఆ మేరకు ఫీజులోంచి తీసేయాలి. అసలు విలువున్న ప్రశ్న వేరు: రిటర్న్ ఇద్దరూ కలిపి వేశారా, విడివిడిగా వేశారా? విడివిడిగా వేస్తే రెండు క్రెడిట్లలో ఒక్కటీ రాదు. స్టూడెంట్ లోన్ వడ్డీ మినహాయింపు కూడా రాదు.

కలిపి వేసే పద్ధతి చదువుకునేవాళ్ల కోసం పుట్టింది కాదు. టెక్సస్, కాలిఫోర్నియా వంటి కొన్ని రాష్ట్రాల్లో పెళ్లయ్యాక వచ్చిన సంపాదన ఇద్దరిదీ సగం సగం. అలాంటప్పుడు పన్ను కూడా సగం సగం లెక్కేసుకోవచ్చని వాషింగ్టన్ రాష్ట్రం నుంచి వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు 1930లో చెప్పింది. మిగతా రాష్ట్రాల వాళ్లు మాకెందుకు లేదని అడగడం మొదలుపెట్టారు. చివరికి 1948లో దేశంలో భార్యాభర్తలందరికీ ఆ వీలు కల్పించారు. ఒకరే సంపాదించే ఇంటికి దీంతో వచ్చే లాభం ఫీజు క్రెడిట్ కంటే చాలా పెద్దది. ఒక లెక్క చూద్దాం.

ఈ సగం సగం నియమం లేని రాష్ట్రంలో ఒక జంట అనుకోండి. భర్త హెచ్-1బీ మీద ఏడాదికి 1,30,000 డాలర్ల జీతగాడు. భార్య ఎమ్మెస్ విద్యార్థిని, సంపాదన లేదు. ఏడాది ఫీజు 18,000, స్కాలర్‌షిప్ లేదు. 2025 ఆదాయానికి భర్త ఒక్కడే విడిగా రిటర్న్ వేస్తే స్టాండర్డ్ డిడక్షన్ 15,750 పోగా ఫెడరల్ పన్ను 20,267 డాలర్లు. ఇద్దరూ కలిపి వేస్తే డిడక్షన్ 31,500 అవుతుంది, శ్లాబులూ రెట్టింపవుతాయి. పన్ను 11,498కి దిగుతుంది. అందులోంచి లైఫ్‌టైమ్ లెర్నింగ్ 2,000 తీసేస్తే 9,498. మొత్తం తేడా 10,769 డాలర్లు. అందులో చదువు పేరుతో వచ్చింది 2,000, మిగతాదంతా పెళ్లి పేరుతో వచ్చింది. అందరూ ఆ 2,000 గురించే అడుగుతారు, 8,769 గురించి అడిగేవాళ్లు తక్కువ.

అయితే కలిపి వేయడానికి వీసా అడ్డొస్తుంది. ఎఫ్-1 విద్యార్థులు అమెరికాలో ఉన్న రోజుల్ని మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు పన్ను లెక్కకు తీసుకోరు. అందుకే వాళ్లు నాన్‌రెసిడెంట్లు. మొన్నటిదాకా హెచ్-4 మీదున్న భార్య కాలేజీ కోసం ఎఫ్-1కి మారితే, ఆ తర్వాతి సంవత్సరం నుంచి పన్ను చట్టం కళ్లకు ఆమె నాన్‌రెసిడెంట్ అయిపోవచ్చు. ఒకే ఇంట్లో, ఒకే వంటగదిలో ఉంటూ భర్త రెసిడెంట్, భార్య నాన్‌రెసిడెంట్. నాన్‌రెసిడెంట్‌కు చదువు క్రెడిట్ లేదు, కలిపి వేసే వీలూ మామూలుగా లేదు.

దీనికి చట్టంలోనే దారుంది. ఏడాది చివరికి భార్యాభర్తల్లో ఒకరు రెసిడెంట్ అయితే, రెండోవాళ్లనూ రెసిడెంట్‌గానే చూడమని ఇద్దరూ సంతకం చేసిన ఒక ప్రకటన రిటర్న్‌కు జతచేయొచ్చు. 6013వ సెక్షన్ ఇచ్చిన ఎంపిక ఇది. దీనికి మూడు షరతులున్నాయి. మొదటిది, ఇద్దరి ప్రపంచవ్యాప్త ఆదాయమూ చూపించాలి. విజయవాడలో ఆమె పేరు మీదున్న ఫ్లాట్ అద్దె, అమ్మ వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ, అన్నీ రిటర్న్‌లోకి వస్తాయి. ఇండియాలో కట్టిన పన్నుకు క్రెడిట్ దొరుకుతుంది గానీ, చూపించకుండా ఉండడం కుదరదు. అమెరికా బయటి ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ రోజైనా 10,000 డాలర్లు దాటితే ఆ వివరాలు వేరే ఫారంలో విడిగా తెలపాలి. రెండోది, ఇండియాతో ఉన్న పన్ను ఒప్పందం వల్ల మన విద్యార్థులకున్న వెసులుబాటు, అంటే నాన్‌రెసిడెంట్‌గా ఉంటూనే స్టాండర్డ్ డిడక్షన్ తీసుకోవడం, ఇక వర్తించదు. కలిపి వేస్తే 31,500 ఎలాగూ వస్తుంది కాబట్టి ఇది నష్టం కాదు. మూడోది, ఒకసారి ఈ ఎంపికను రద్దు చేసుకుంటే ఆ దంపతులు మళ్లీ ఎప్పుడూ దాన్ని వాడుకోలేరు.

పై షరతులు చూసి బెదిరిపోయి విడిగా వేసుకునేవాళ్లున్నారు. ఇండియాలో పెద్ద ఆదాయం లేని కొత్త జంటకు ఆ బెదురు అక్కర్లేదని నా అభిప్రాయం. చూసుకోవాల్సింది ఇంకొకటుంది, దాన్ని ఎవరూ చెప్పరు. కలిపి వేసిన రిటర్న్ మీద సంతకం పెట్టిన ఇద్దరూ మొత్తం పన్నుకు బాధ్యులే. భర్త ఏదైనా ఆదాయం దాచి ఉంటే, రేపు విడిపోయినా, ఆ బాకీ భార్యనూ అడగొచ్చు. తెలియక సంతకం పెట్టినవాళ్లకు ఉపశమనం కోరే దారి ఉంది గానీ అది తేలిక కాదు. అందుకే చదువుకుంటున్న భార్య ఆ రిటర్న్‌ను ఒకసారి పూర్తిగా చదివి సంతకం పెట్టాలి. ఎమ్మెస్ చదివే మనిషికి ఆ రెండు పేజీలు పెద్ద కష్టమేమీ కాదు.

కాగితాల దగ్గర కూడా జారిపోయేవి కొన్ని. ఫీజు వివరాలు 1098-టీ అనే పత్రంలో యూనివర్సిటీ ఇస్తుంది. నాన్‌రెసిడెంట్ విద్యార్థులకు మాత్రం అడిగితేనే ఇవ్వాలి, అడక్కపోతే ఇవ్వాల్సిన పని లేదు. భార్యకు సోషల్ సెక్యూరిటీ నంబర్ లేకపోతే డబ్ల్యూ-7 ఫారంతో ఐటీఐఎన్ తెచ్చుకోవాలి. 2025లో వచ్చిన చట్టం 2026 ఆదాయం నుంచి చదువు క్రెడిట్లకు సోషల్ సెక్యూరిటీ నంబర్ షరతు పెట్టింది కాబట్టి ఐటీఐఎన్‌తో నెట్టుకొస్తున్న ఇళ్లు ఈ మార్పును ముందే చూసుకోవడం మంచిది.

జీతం పెద్దదైతే ఇంకో గీత ఎదురవుతుంది. కలిపి వేసినవాళ్ల ఆదాయం 1,60,000 డాలర్లు దాటితే చదువు క్రెడిట్ తగ్గుతూ వచ్చి 1,80,000 దగ్గర సున్నా అవుతుంది. 1,70,000 ఉంటే సగమే, అంటే 1,000 డాలర్లు. ఈ గీత కొలిచేది 401కే పొదుపు తీసేశాక మిగిలిన ఆదాయాన్ని. 1,70,000 ఉన్న జంటలో భర్త ఆ ఏడాది 401కేలో అదనంగా 10,000 వేస్తే ఆదాయం 1,60,000కి దిగుతుంది. పోయిన 1,000 డాలర్ల క్రెడిట్ తిరిగొస్తుంది, 22 శాతం శ్లాబులో ఉన్నాడు కాబట్టి ఇంకో 2,200 పన్ను తగ్గుతుంది. డబ్బు సొంత ఖాతాలోనే ఉంటుంది. భార్య చదివే రెండేళ్లూ ఈ పని చేయొచ్చు, కాకపోతే డిసెంబరు లోపు చేయాలి. ఏప్రిల్‌లో రిటర్న్ వేసేటప్పుడు గుర్తొస్తే లాభం లేదు.

ఫీజుల లెక్క ఇంతటితో సరి. నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది పిల్లల లెక్క. చిన్న పిల్లో పిల్లాడో ఉన్న ఇంట్లో తల్లి కాలేజీకి వెళ్లాలంటే డేకేర్ తప్పదు. డేకేర్ ఖర్చు మీద అమెరికాలో క్రెడిట్ ఉంది గానీ ఇద్దరూ సంపాదిస్తుంటేనే ఇస్తారు. మరి ఒకరు చదువుతుంటే? చట్టం ఇక్కడ ఒక మంచి మాట ఒప్పుకుంది: పూర్తికాలం చదవడమూ పనే. ఏడాదిలో కనీసం ఐదు నెలలు పూర్తికాలం విద్యార్థిగా ఉంటే, చదివిన ప్రతి నెలా ఆమె కొంత సంపాదించినట్టే లెక్కేస్తారు. ఆ కొంత ఎంత? ఒక బిడ్డ ఉంటే నెలకు 250 డాలర్లు, ఇద్దరో అంతకంటే ఎక్కువో ఉంటే 500. అమెరికాలో నెల డేకేర్ బిల్లు చూసినవాళ్లు ఈ అంకె చూసి నవ్వుకుంటారు.

మొదట లెక్క చూసిన జంటకు ఒక పాప ఉందనుకుందాం. భార్య తొమ్మిది నెలలు చదివితే లెక్కకొచ్చే సంపాదన 2,250. డేకేర్‌కు ఎంత పోసినా ఆ 2,250 మీదే క్రెడిట్. 2025 ఆదాయానికి వాళ్లకు వర్తించేది 20 శాతం, అంటే 450 డాలర్లు. ఆమె వేసవిలో ఇంటర్న్‌షిప్ చేసి నిజంగా సంపాదిస్తే పరిమితి 3,000కు వెళ్తుంది, క్రెడిట్ 600 అవుతుంది. ఇంటర్న్‌షిప్ దొరక్క వేసవిలో ఖాళీగా ఉంటే ఆ నెలలకు సున్నా. ఆన్‌లైన్‌లో మాత్రమే నడిచే సంస్థలో చదివితే అసలు విద్యార్థి కింద లెక్కే వేయరు. ఇద్దరూ విద్యార్థులైతే ఏ నెలకైనా ఒకరికే ఆ 250 వర్తిస్తుంది.

భర్త ఆఫీసులో డేకేర్ ఖర్చుల ఖాతా ఉంటే ఇంకో గోతి ఉంది. 2025లో దాంట్లో 5,000 డాలర్ల దాకా పన్ను లేకుండా వేసుకోవచ్చు. ఇంటర్న్‌షిప్ లేని ఏడాది భార్య సంపాదన 2,250 అని చట్టం అనుకుంటుంది కాబట్టి, మిగతా 2,750 మీద పన్ను పడుతుంది. హెచ్‌ఆర్ వాళ్లు చెప్పరు, అది వాళ్ల పనీ కాదు. 2025 చట్టం ఈ ఖాతా పరిమితిని 2026 నుంచి 7,500కు పెంచింది, డేకేర్ క్రెడిట్‌ను ఇలాంటి మధ్యతరగతి జంటలకు 35 శాతం చేసింది. ఆ 250ని మాత్రం ముట్టుకోలేదు. 2003 నుంచి అదే అంకె.

ఇప్పుడు కెనడా వైపు చూస్తే ఈ సంగతి ఇంకా స్పష్టమవుతుంది. అక్కడ డేకేర్ ఖర్చు మినహాయింపును మామూలుగా తక్కువ ఆదాయం ఉన్నవాళ్లే తీసుకోవాలి. ఆ తక్కువ ఆదాయం మనిషి పూర్తికాలం విద్యార్థి అయితే, ఆ వారాలకు ఎక్కువ ఆదాయం ఉన్న భాగస్వామి తీసుకోవచ్చు. ఏడేళ్లలోపు బిడ్డకు వారానికి 200 కెనడా డాలర్ల దాకా. అమెరికా నెలకు 250 అంటే కెనడా వారానికి 200 అంటోంది. తొమ్మిది నెలల చదువు అంటే సుమారు 39 వారాలు, 7,800 డాలర్ల మినహాయింపు. 20.5 శాతం శ్లాబులో ఉన్న భర్తకు ఫెడరల్ పన్నులోనే దాదాపు 1,600 తగ్గుతుంది, ప్రావిన్స్ పన్ను తగ్గేది వేరు.

ట్యూషన్ క్రెడిట్ దగ్గర కెనడా పద్ధతి అమెరికాకు పూర్తిగా ఎదురు. అక్కడ ప్రతి ఒక్కరూ విడిగానే రిటర్న్ వేస్తారు. ఫీజు క్రెడిట్ విద్యార్థిది. ముందు ఆమె తన పన్నును సున్నా చేసుకోవడానికి వాడాలి. మిగిలితే, ఆ ఏడాది ఫీజులో 5,000 డాలర్లకు మించకుండా భర్తకో, తల్లిదండ్రులకో, తాతయ్య నానమ్మలకో ఇవ్వొచ్చు. ఆమె సొంత పన్నుకు 3,000 వాడుకుంటే ఇవ్వగలిగింది 2,000 మాత్రమే. ఇవ్వాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. ఇవ్వగా మిగిలింది ఆమె పేరు మీదే రాబోయే సంవత్సరాలకు నిల్వ ఉంటుంది. ఒకసారి నిల్వలోకి వెళ్లాక ఎవరికీ బదిలీ కాదు. పూర్తి 5,000 బదిలీ చేస్తే 2025కి 14.5 శాతం చొప్పున 725 డాలర్లు. 2026 నుంచి ఆ శాతం 14. అంటారియో మాత్రం 2017లోనే తన వాటా ట్యూషన్ క్రెడిట్ ఎత్తేసింది, కాబట్టి టొరంటో చుట్టుపక్కల మనవాళ్లకు మిగిలింది ఫెడరల్ క్రెడిట్ ఒక్కటే.

బదిలీ చేయాలా, దాచుకోవాలా? చదువయ్యాక అక్కడే ఉద్యోగం చేసే ఉద్దేశం గట్టిగా ఉంటే ఏది చేసినా తేడా తక్కువ. ఇండియాకు తిరిగొచ్చేసే అవకాశం ఉంటే దాచుకున్న క్రెడిట్ అక్కడే ఉండిపోతుంది, కాబట్టి ఇవ్వగలిగినంత ఇచ్చేయడం మంచిది. కెనడా పద్ధతిలో నాకు నచ్చేది వేరే ఉంది. చదివిన మనిషి పేరు మీద ఒక ఆస్తి మిగులుతుంది. కాపురం నిలిచినా నిలవకపోయినా అది ఆమెదే. అమెరికాలో ఆ 2,000 డాలర్లు ఉమ్మడి రిటర్న్‌లో కలిసిపోయి, ఎవరి చదువుకు వచ్చిందో ఆనవాలుండదు.

బ్రిటన్ గురించి క్లుప్తంగా చెప్పొచ్చు. వర్కింగ్ ట్యాక్స్ క్రెడిట్లు 2025 ఏప్రిల్ 5తో పూర్తిగా ముగిశాయి. మిగిలింది మ్యారేజ్ అలవెన్స్: ఆదాయం లేని భాగస్వామి తన పరిమితిలోంచి 1,260 పౌండ్లు రెండోవాళ్లకు బదిలీ చేస్తే ఏడాదికి 252 పౌండ్లు తగ్గుతుంది, అదీ తీసుకునేవాళ్లు బేసిక్ రేటులో ఉంటేనే. నాలుగేళ్ల వెనక్కి కూడా అడగొచ్చు. ఇంట్లో పెద్దవాళ్లు ఇద్దరే ఉండి ఒకరు పూర్తికాలం విద్యార్థి అయితే కౌన్సిల్ ట్యాక్స్‌లో 25 శాతం తగ్గింపు అడగొచ్చు, చాలామంది అడగరు. పిల్లల దగ్గరకొచ్చేసరికి బ్రిటన్ అమెరికా కంటే కఠినం. ఇంగ్లండ్‌లో ఉద్యోగస్తుల పిల్లలకు ఇచ్చే వారానికి 30 గంటల ఉచిత డేకేర్‌కు ఇద్దరూ సంపాదించాలి. తల్లి కేవలం చదువుతుంటే రాదు. 250 డాలర్లకు నవ్వుకున్నాం గానీ, చదువును పనిగా గుర్తించనేలేని చట్టం కంటే అదే మెరుగు.

ఐర్లండ్‌లో ఫీజు కట్టినవాళ్లకు 20 శాతం రాయితీ, భార్య కోసం భర్త కట్టినా సరే. కోర్సుకు 7,000 యూరోల దాకానే లెక్కలోకి తీసుకుంటారు, పూర్తికాలం చదువైతే అందులో మొదటి 3,000 తీసేస్తారు. చివరికి దక్కేది 800 యూరోలు. ఇది కాక, దంపతులు కలిపి లెక్క వేయించుకునే వీలు అక్కడా ఉంది.

ఇక మన దేశం. హైదరాబాదులో భర్త సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, భార్య ఉద్యోగం మానేసి పీజీలో చేరింది. ఆమె ఫీజుకు అతని పన్నులో ఏమీ తగ్గదు. 1961 నాటి చట్టంలో 80సీ కింద వచ్చే ట్యూషన్ ఫీజు మినహాయింపు ఇద్దరు పిల్లల చదువుకే పరిమితం, భార్య చదువుకు కాదు. 80ఈ కింద చదువు లోన్ వడ్డీకి మినహాయింపు ఉంది, అది భార్య చదువుకూ వర్తిస్తుంది, పరిమితి లేకుండా ఎనిమిదేళ్లు. కాకపోతే పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే. కొత్త విధానంలోకి మారితే అదీ లేదు. అంటే అప్పు చేసి చదివిస్తే కొంత ఊరట, పొదుపు డబ్బుతో చదివిస్తే ఏమీ లేదు.

దీనికంటే పెద్ద తేడా వేరే చోట ఉంది. కొత్త విధానంలో పన్ను పడే ఆదాయం 12 లక్షల దాకా ఉన్నవాళ్లకు పన్ను లేదు. భార్యాభర్తలిద్దరూ చెరో 12 లక్షలు సంపాదిస్తే ఆ ఇంటి పన్ను సున్నా. అదే 24 లక్షలు భర్త ఒక్కడే సంపాదిస్తూ భార్యను చదివిస్తుంటే సెస్‌తో కలిపి 3,12,000 రూపాయలు. ఇంటికొచ్చే ఆదాయం ఒకటే, పైగా రెండో ఇంటికి ఫీజు ఖర్చు అదనం. దంపతులు కావాలనుకుంటే కలిపి రిటర్న్ వేసే వీలు ఇవ్వమని చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ 2025 బడ్జెట్‌కు ముందు సూచించింది, ప్రభుత్వం తీసుకోలేదు. కలిపి వేయడం తప్పనిసరి చేస్తే ఇద్దరూ ఉద్యోగం చేసే ఇళ్లలో భార్య మొదటి రూపాయి నుంచే పెద్ద శ్లాబులో పడుతుంది. అందుకే అది ఎంపికగానే ఉండాలి. ఎంపికగా ఇస్తే మాత్రం, పెళ్లయ్యాక చదువు మధ్యలో ఆపేసిన ఆడవాళ్లు ఎక్కువగా ఉన్న మన రాష్ట్రాల్లో దాన్ని వాడుకునే ఇళ్లు తక్కువేమీ ఉండవు.

ఫీజు ఇంటి మొత్తానికి భారం కాబట్టి ఆ క్రెడిట్ విషయంలో అమెరికా పద్ధతే సరైనదని, డేకేర్ విషయంలో కెనడా చూపించిన గౌరవం ఇంకెవరూ చూపించలేదని నా తీర్పు. అమెరికాలో ఉండి, భయపడో తెలియకో ఇప్పటికే విడిగా రిటర్న్ వేసేసినవాళ్లకు ఒక మాట. కలిపి వేసిన రిటర్న్‌ను గడువు దాటాక విడగొట్టలేరు గానీ, విడిగా వేసినదాన్ని అసలు గడువు తేదీ నుంచి మూడేళ్లలోపు 1040-ఎక్స్ ఫారంతో ఉమ్మడిగా మార్చుకోవచ్చు. నాన్‌రెసిడెంట్ భాగస్వామిని రెసిడెంట్‌గా చూడమనే ప్రకటన కూడా దాంతోనే జతచేయొచ్చు. పాత రిటర్న్‌లు ఒకసారి తీసి చూసుకోండి.